శీతకాలమున పడవలలోని లిథియము బాటరీల సంరక్షణము

ఒక వస్తువు పనిచేయుచున్నంత మాత్రమున అది క్షేమముగా నున్నదని తలంచుట పొరపాటు. ఈ సంగతిని స్పష్టముగా దెలుపు ఉదాహరణము నొకదానిని పదార్థవిజ్ఞానశాస్త్రము నభ్యసించు మన విద్యార్థుల యెదుట నుంచదలచితిమి. నేడు చేతిలోని టెలిఫోను మొదలుకొని వీధిలోని ఆటో వఱకు అనేక వస్తువులకు లిథియము బాటరీ ఆధారమైయున్నది. ఆ బాటరీ గడ్డకట్టు చలిలో సైతము దీపమును వెలిగించును, పంపును త్రిప్పును. కాని యదే చలిలో దానికి ఛార్జి ఎక్కించినచో అది లోలోపల చెడిపోవును. ఇంగ్లండు దేశపు కాలువలలో పడవలపై కాపురముండువారికి ఇది ప్రతి శీతకాలమునను ఎదురగు చిక్కు. ఆ చిక్కు ఎట్లు కలుగునో, దానిని ఎట్లు నివారింపవలెనో క్రమముగా వివరింతుము.

1. కాలువ పడవలు

ఇంగ్లండునందలి కాలువలు పెక్కు పదునెనిమిదవ శతాబ్దమున బొగ్గును, ఇతర సరకులను చేరవేయుటకై త్రవ్వబడినవి. బ్రిడ్జివాటరు కాలువ 1761వ సంవత్సరమున తెరువబడెను. మన డెల్టా కాలువలకువలెనే వానికిని లాకులు గలవు. కాని యనేక స్థలములలో ఆ లాకులు మిక్కిలి ఇరుకైనవి. అందుచేత అచ్చటి పడవ వెడల్పు ఏడడుగులకు మించదు. పొడవు మాత్రము డెబ్బది అడుగుల వఱకు నుండవచ్చును. 1962-63 శీతకాలమున కాలువలు వారముల తరబడి గడ్డకట్టగా సరకుల పడవలు కదలక నిలిచిపోయినవి. అటుపిమ్మట ఆ వర్తకము చాలవఱకు అంతరించెను. ఇప్పుడా పడవలు విహారమునకును, అనేకులకు నివాసముగాను ఉపయోగపడుచున్నవి.

ఈ పడవల అడుగుభాగము ఉక్కురేకు. ఇంజను వెనుక భాగమున, నేలకు దిగువనున్న గుంటవంటి గదిలో నుండును. ఇంజను తిరుగునపుడు దానికి పట్టీతో తగిలింపబడిన ఆల్టర్నేటరు అను యంత్రము విద్యుత్తును పుట్టించి బాటరీకి పంపును. దీపములు, నీటి పంపు, ఆహారమును చల్లగా నుంచు పెట్టె, గదిని వెచ్చజేయు డీజెలు హీటరు యొక్క ఫాను, ఇవన్నియు బాటరీ మీదనే నడచును. శీతకాలపు రాత్రి బాటరీ చెడినచో ఆ యింటివారికి దీపముతోపాటు వెచ్చదనమును పోవును. చిన్నపిల్లలున్న యింట ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

ఇతర పడవలకును ఇండ్లకును దగ్గరగా కట్టిన పడవలో రాత్రి 8 గంటల నుండి ఉదయము 8 గంటల వఱకు ఇంజను నడపరాదని అచ్చటి కాలువలపై నియమము గలదు. ఇరుగుపొరుగువారి నిద్ర కొఱకు ఏర్పడిన నియమమది. డిసెంబరు మాసము కడపట బర్మింగుహాము ప్రాంతమున సూర్యుడు ఉదయము 8 గంటలు దాటినపిదపనే ఉదయించి, సాయంకాలము 4 గంటల వేళకే అస్తమించును. ఆ దీర్ఘరాత్రియందు బాటరీలోని విద్యుత్తు చాల ఖర్చగును. తెల్లవారి 8 గంటలకు ఇంజను త్రిప్పునప్పటికి బాటరీ మిక్కిలి ఖాళీగా నుండును, మిక్కిలి చల్లగాను ఉండును. ఆల్టర్నేటరో, తన శక్తినంతయు ఒక్కమారుగా పంపుటకు సిద్ధముగా నుండును. ఈ మూడును ఒకే గడియలో కూడుటయే అపాయమునకు మూలము.

2. బాటరీ లోపల జరుగునది

ఇటలీ దేశీయుడగు వోల్టా 1800వ సంవత్సరమున తన విద్యుద్ఘటమాలను లోకమునకు వెల్లడిచేసెను. ఫ్రాన్సు దేశీయుడగు ప్లాంటే 1859వ సంవత్సరమున మరల మరల ఛార్జి చేయదగిన సీసపు బాటరీని నిర్మించెను. పడవలలో నేడు విస్తారముగా వాడబడుచున్న లిథియము-ఇనుప ఫాస్ఫేటు పదార్థమును 1997వ సంవత్సరమున అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయమున గుడెనఫ్ పండితుడు, పాఢీ, నంజుండస్వామి అను సహచరులతో గూడి ప్రకటించెను. లిథియము బాటరీల నిర్మాణమునకై గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురికి 2019వ సంవత్సరమున రసాయనశాస్త్రమునందు నోబెలు బహుమానము లభించెను.

ఈ జాతి ఘటము ఒక్కొక్కటి సుమారు 3.2 వోల్టులనిచ్చును. నాలుగు ఘటములను వరుసగా చేర్చినచో 12.8 వోల్టుల బాటరీ యగును. ఘటములో ఒక ప్రక్క ఇనుప ఫాస్ఫేటును, రెండవ ప్రక్క గ్రాఫైటును ఉండును. గ్రాఫైటనగా మనము వ్రాసికొను పెన్సిలులోని నల్లని పదార్థమే. రెంటి నడుమ సన్నని సూక్ష్మరంధ్రములు గల పొర యొకటియు, లిథియము లవణము కరిగియున్న ద్రవమును ఉండును. విద్యుదావేశము గల లిథియము పరమాణువులకు అయానులని పేరు. ఛార్జి చేయునపుడు ఈ అయానులు ఫాస్ఫేటును విడిచి, ద్రవముగుండ ఈదిపోయి, గ్రాఫైటు పొరల సందులలో దూరి నిలుచును. బాటరీని వాడునపుడు అవి తిరిగి స్వస్థానమునకు వచ్చును.

చలికాలమున నెయ్యి పేరుకొనుటయు, కొబ్బరినూనె గడ్డకట్టుటయు మన యిండ్లలో చూచుచున్నాము. ఘటములోని ద్రవము నీటివలె సున్న డిగ్రీల యొద్ద గడ్డకట్టదు గాని, చలిలో దానియందును, గ్రాఫైటునందును అయానుల నడక మిక్కిలి మందగించును. అందును గ్రాఫైటు పొరలలోనికి దూరుట మఱింత కష్టమగును.

ఒక ఉపమానము చెప్పుదుము. గాదెలోనికి ధాన్యము పోయుచున్న రైతు గాదె నోరు పట్టినంత వేగముతోనే పోయవలెను. అంతకు మించి గుమ్మరించినచో ధాన్యము నోటియొద్ద పోగుపడి నేలపాలగును. అట్లే చలిలో బలమైన విద్యుత్ప్రవాహమును పంపినచో, లోనికి దూరుటకు వ్యవధిలేని అయానులు గ్రాఫైటు ఉపరితలముననే లోహరూపమున పేరుకొనును. ఛార్జి అయిన గ్రాఫైటునకును లిథియము లోహమునకును విద్యుత్పీడనమున భేదము సుమారు వోల్టులో పదవ వంతు మాత్రమే గనుక, ఈ పేరుకొనుట సులభముగా సంభవించును. అట్లు పేరిన లిథియములో కొంత భాగము మరల పనికిరాక శాశ్వతముగా నష్టమగును. ఆ మేరకు బాటరీ పట్టు తగ్గును. కొన్ని సమయములందు ఆ లోహము ముండ్లవలె పెరిగి నడుమనున్న పొరను గ్రుచ్చి, ధన ఋణ ధ్రువములను లోలోపల కలిపివేయును. అప్పుడు ఘటము వేడెక్కి అపాయము కలుగవచ్చును.

బాటరీని వాడునపుడు ఈ కీడెందుకు లేదు? అప్పుడు అయానులు గ్రాఫైటును విడిచి బయటికి పోవుచుండును గనుక, గ్రాఫైటు మీద లోహము పేరుకొనుటకు కారణములేదు. అందుచేతనే సామాన్యముగా తయారీదారులు ఈ బాటరీలను సున్నకు దిగువ 20 డిగ్రీల వఱకు వాడవచ్చునని చెప్పుచు, ఛార్జి మాత్రము 0 డిగ్రీలకును 45 డిగ్రీలకును నడుమనే చేయవలెనని నిర్ణయింతురు. సున్నకు కొంచెము పైన కూడ ప్రవాహమును బాగుగా తగ్గింపవలెనని కొందరు విధింతురు. (ఈ వ్యాసమున డిగ్రీలన్నియు సెంటిగ్రేడు డిగ్రీలు.)

ఇందలి మోసమును విద్యార్థులు గుర్తింపవలెను. ఉదయమున దీపము చక్కగా వెలుగుచుండుటచే బాటరీ ఆరోగ్యముగా నున్నదని యజమానుడు తలంచును. ఛార్జి ఎక్కించిన దినమున ఏమియు చెడినట్లు కనబడదు. పొగలేదు, చప్పుడు లేదు. కొన్ని శీతకాలములు గడచినపిదప బాటరీ సగము రాత్రికే ఆరిపోవును. నష్టము జరిగిన దినము వేరు, తెలిసిన దినము వేరు.

3. సీసపు బాటరీతో పోలిక

వెనుకటి పడవలలో సీసపు బాటరీలుండెడివి. సీసపు బాటరీ చల్లబడినపుడు దానంతట అదియే తక్కువ ప్రవాహమును పుచ్చుకొనును; నిండిన కొలదియు ఇంకను తక్కువ పుచ్చుకొనును. కావున దానికి వేఱు కావలి అక్కఱలేకుండెను. పైగా చలిలో దానిని నింపుటకు కొంచెము హెచ్చు వోల్టులే కావలెను. లిథియము బాటరీ స్వభావము వేఱు. దాని అంతర్నిరోధము తక్కువ గనుక, ఆల్టర్నేటరు ఎంత పంపిన అంతయు లోనికి పోవును. సీసపు బాటరీ కొఱకు చలిలో వోల్టులను పెంచునట్లు అమర్చిన నియామక పరికరమును లిథియము బాటరీకి అట్లే తగిలించుట మఱింత హానికరము.

ఆల్టర్నేటరునకు కూడ ఇందువలన శ్రమ కలదు. ఇంజను మెల్లగా తిరుగుచున్నపుడు దాని చల్లార్చు ఫాను కూడ మెల్లగా తిరుగును. బాటరీ మాత్రము పూర్ణప్రవాహమును లాగుచుండును. ఆ స్థితిలో ఆల్టర్నేటరు తీగచుట్టలు మాడిపోవుటయు కలదు.

4. రక్షకుడే కీడు చేయు సందర్భము

లిథియము బాటరీకి బి.ఎం.ఎస్. అని పిలువబడు కావలి పరికరముండును. ఇది ఘటముల వోల్టులను, ప్రవాహమును కనిపెట్టుచుండును. మంచి పరికరమైనచో ఉష్ణోగ్రతను కూడ కనిపెట్టి, 0 డిగ్రీలకు దిగినపుడు ఛార్జి మార్గమును తెంచివేయును. ఇంతటితో చిక్కు తీరినదని తోచును. కాని క్రొత్త చిక్కు ఇక్కడనే పుట్టుచున్నది.

తలుపును సర్వశక్తితో త్రోయుచున్నవాని యెదుట ఆ తలుపును దిగ్గున తెరచినచో వాడు ముందునకు పడును. ఆల్టర్నేటరు స్థితియు అట్టిదే. దాని నడుమ తిరుగు భాగమున విద్యుదయస్కాంత మొకటి గలదు. ఆ అయస్కాంత క్షేత్రము ఒక్క క్షణములో అణగిపోజాలదు. పూర్ణప్రవాహము పోవుచుండగా బాటరీ హఠాత్తుగా విడిపోయినచో, ఆ శక్తికి పోవుచోటు లేక వోల్టులు ఒక్కసారిగా పైకి లేచును. 12 వోల్టుల అమరికలో అది సెకనులో కొన్ని పదవ వంతుల కాలము 80 మొదలు 100 వోల్టుల వఱకు లేవవచ్చును. అంతమాత్రపు కాలములోనే ఆల్టర్నేటరులోని డయోడులు, పడవలోని దీపములు, రేడియో మొదలగునవి నాశనమగును. అనగా బాటరీ దక్కినను ఆల్టర్నేటరు పోవును. ఇంజను తిరుగుచుండగా బాటరీ స్విచ్చిని తీయరాదని పూర్వమునుండి యున్న నియమమునకును కారణమిదియే.

కాబట్టి ఈ పాఠమునందలి ముఖ్యాంశము ఇది: మొదట విద్యుత్తు పుట్టు చోటును ఆపవలెను, అటుపిమ్మటనే బాటరీ మార్గమును మూయవలెను. నీరు వడిగా వచ్చుచున్నపుడు దిగువ గట్టి తలుపు వేయుటకు ముందు ఎగువ తూము దించుట మన కాలువల యొద్దనున్న ప్రతి లస్కరునకు తెలిసినదే.

5. నివారణోపాయములు

(అ) బాటరీని తగిన చోట నుంచుట: ఇంజను గదిలో రాత్రి చలి యెక్కువ, ఇంజను నడచునపుడు వేడి యెక్కువ. రెండును బాటరీకి సరిపడవు. నివసించు గదిలో, గాలి తగులని పెట్టెలో దాని నుంచుట మేలు. ఉక్కురేకు మీద నేరుగా పెట్టక, క్రింద కొయ్యపలకయు వేడిని పోనీయని దళసరి అట్టయు వేయవలెను. గదిలో పొయ్యి వెలిగించిన వెంటనే గాలి వెచ్చబడును గాని, బరువైన బాటరీ వెచ్చబడుటకు చాల గంటలు పట్టును. కావున ఉష్ణమాపకమును గోడకు గాక ఘటము మీదనే అంటించవలెను.

(ఆ) ఆల్టర్నేటరునకు వెలుపలి నియామకము: ఆల్టర్నేటరులోని విద్యుదయస్కాంతమునకు కొద్ది ఆంపియరుల ప్రవాహమే చాలును. ఆ చిన్న ప్రవాహమును ఆపినచో పెద్ద ప్రవాహము మెల్లగా, నెమ్మదిగా ఆగును. బాటరీ ఉష్ణోగ్రతను తెలిసికొను నియామక పరికరమును అమర్చి, 5 డిగ్రీలకు దిగినపుడు ఆ చిన్న ప్రవాహమును ఆపునట్లు చేయవలెను. బి.ఎం.ఎస్. 0 డిగ్రీల యొద్ద తెంచును గనుక, మొదటి కావలి ఎల్లప్పుడు ముందుగా మేలుకొనును. కడపటి కావలికి పని సాధారణముగా పడదు. మార్గమును తెంచుటకు కొంచెము ముందుగా నియామక పరికరమునకు సూచన నిచ్చు బి.ఎం.ఎస్. దొరికినచో అది శ్రేష్ఠము. ఇట్టి నియామక పరికరము ఆల్టర్నేటరు వేడిని కూడ కొలిచి, మితిమీరినపుడు ప్రవాహమును తగ్గించును.

(ఇ) నడుమ సీసపు బాటరీ నుంచుట: ఇంజనును త్రిప్పుటకు ఎట్లును సీసపు బాటరీ యొకటి యుండును. ఆల్టర్నేటరును దానికే కలిపి, అచ్చటినుండి డి.సి.-డి.సి. ఛార్జరు అను పరికరము ద్వారా లిథియము బాటరీకి మితమైన ప్రవాహమును, ఉదాహరణకు 30 ఆంపియరులను, పంపవచ్చును. చలిలో ఈ ఛార్జరు మాత్రమే ఆగును. ఆల్టర్నేటరు సీసపు బాటరీతో కలిసియే యుండును గనుక వోల్టులు హఠాత్తుగా లేవవు. తక్కువ ఖర్చుతో చేయదగిన ఉపాయములలో నిది యొకటి. దీనియందు ఛార్జి నిండుటకు ఎక్కువ కాలము పట్టుట యొక్కటే లోపము.

(ఈ) బాటరీని వెచ్చజేయుట: ఘటముల క్రింద అల్యూమినియము పలకయు, దానికి అంటించిన సన్నని వేడిపట్టీయు అమర్చి, 5 డిగ్రీలకు దిగినపుడు వెలుగునట్లును, 10 డిగ్రీలు దాటినపుడు ఆరునట్లును చేయవచ్చును. చలిలో బాటరీ ఇచ్చుటకు సమర్థమే గనుక, తన్ను తాను వెచ్చజేసికొనుటకు తన విద్యుత్తునే ఇయ్యగలదు. పట్టీకి తప్పక ఫ్యూజు నుంచవలెను.

(ఉ) పడవను విడిచిపోవునపుడు: శీతకాలమంతయు పడవను వాడనివారు బాటరీని సుమారు సగము ఛార్జితో నుంచి, అన్ని తీగలను విప్పవలెను. కప్పు మీద సూర్యరశ్మి పలకలున్నచో వానిని కూడ విడదీయవలెను. లేనియెడల యజమానుడు లేని ఉదయమున, చల్లని బాటరీకి అవి తమంత తామే ఛార్జి ఎక్కించును.

6. ఒక చిన్న లెక్క

వేడిపట్టీకి ఎంత విద్యుత్తు కావలెను? 300 ఆంపియరు-గంటల లిథియము బాటరీ బరువు సుమారు 30 కిలోగ్రాములనుకొందము. దాని పదార్థము ఒక కిలోగ్రాము ఒక డిగ్రీ వెచ్చబడుటకు సుమారు 1,000 జౌళులు కావలెను. సున్నకు దిగువ 2 డిగ్రీల నుండి పైన 8 డిగ్రీలకు తెచ్చుటకు పెంచవలసినది 10 డిగ్రీలు. కావున కావలసిన వేడి 30 × 1,000 × 10 = 3,00,000 జౌళులు.

50 వాట్ల పట్టీ సెకనుకు 50 జౌళుల నిచ్చును. 3,00,000 ÷ 50 = 6,000 సెకనులు, అనగా 100 నిమిషములు. ఖర్చగు విద్యుత్తు సుమారు 83 వాటు-గంటలు. బాటరీ మొత్తము పట్టు 12.8 × 300 = 3,840 వాటు-గంటలు. అనగా నూటికి రెండు పాళ్లకు కొంచెము పైగా మాత్రమే ఖర్చు. పెట్టెనుండి వేడి బయటికి పోవును గనుక వాస్తవమున ఇంతకంటె హెచ్చు కాలము పట్టును. దళసరి పెట్టెయొక్క ప్రయోజన మిచ్చటనే తెలియును. ఉదయము 8 గంటలకు ఇంజను త్రిప్పదలచినవాడు 6 గంటలకు ముందే పట్టీని వెలిగింపవలెను. అందుకై రాత్రి బాటరీని పూర్తిగా ఖాళీ చేయక కొంత మిగుల్చుట వివేకము.

7. అమరికను పరీక్షించు విధము

కావలి యున్నదని నమ్మియుండుటకంటె దానిని పరీక్షించుట మేలు. మంచుగడ్డను నలుగగొట్టి నీటితో కలిపి త్రిప్పినచో ఆ మిశ్రమము 0 డిగ్రీల యొద్ద నిలుచునని మన విద్యార్థులు ప్రయోగశాలలో చూచియున్నారు. ఆల్టర్నేటరు నియామక పరికరముయొక్క ఉష్ణమాపకమును పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఇంజను మెల్లగా తిరుగుచుండగా, ఆ మిశ్రమమున ముంచవలెను. కొన్ని నిమిషములలో ఛార్జి ప్రవాహము సున్నకు రావలెను. తీసి అరచేతిలో వెచ్చజేయగా మరల మొదలుకావలెను. ఇట్లు జరుగనిచో అమరికలో లోపమున్నది. బి.ఎం.ఎస్. ఉష్ణమాపకమును మాత్రము ఆల్టర్నేటరు నడచుచుండగా ఇట్లు పరీక్షింపరాదు. పైన చెప్పిన వోల్టుల పొంగు అప్పుడే సంభవించును.

8. మనకు కలుగు ప్రయోజనము

మన తెలుగు దేశమున లంబసింగివంటి మన్యపు గ్రామములలో తప్ప ఉష్ణోగ్రత సున్న దగ్గరకు దిగుట అరుదు. మనకు ఆ నియమముయొక్క రెండవ కొసయే ముఖ్యము. 45 డిగ్రీలకు మించి ఛార్జి చేయరాదని చెప్పితిమి గదా. రామగుండము, రెంటచింతల మొదలగు చోట్ల వేసవి మధ్యాహ్నమున నీడలోని గాలియే ఆ మేరకు చేరుచుండును. ఎండలో నిలిపిన ఆటోను వెంటనే ఛార్జి చేయక, నీడలో కొంతసేపు చల్లారనిచ్చుట మన తలిదండ్రులు సులభముగా చేయదగిన పని. దేశము వేఱైనను సూత్రమొక్కటే: వస్తువు ఎంత ఇచ్చుచున్నదో చూచి తృప్తిపడక, అది ఏ స్థితిలో పుచ్చుకొనగలదో తెలిసికొని ఇయ్యవలెను.

అభ్యాసము

1. చలిలో లిథియము బాటరీని వాడుటకు అభ్యంతరము లేకుండగా ఛార్జి చేయుట హానికరమగుటకు కారణమేమి?

2. బి.ఎం.ఎస్. కంటె ముందు నియామక పరికరము పనిచేయవలెననుటకు హేతువేమి?

3. 100 ఆంపియరు-గంటల బాటరీ బరువు 11 కిలోగ్రాములైనచో, దానిని 8 డిగ్రీలు వెచ్చజేయుటకు 20 వాట్ల పట్టీకి ఎంత కాలము పట్టును? బయటికి పోవు వేడిని లెక్కింపనక్కరలేదు.

4. మీ యింటనున్న బాటరీ గల వస్తువు నొకదానిని తీసికొని, దానిని ఏ ఉష్ణోగ్రతలయందు ఛార్జి చేయవచ్చునో దానితో వచ్చిన పత్రమున చదివి వ్రాసి తెండు.